క్యాంపర్ వ్యాన్‌లో కరెంటుకి పవర్ స్టేషన్ ఒక్కటి సరిపోతుందా?

బాటసారి

అందరికీ నమస్కారం. పాత వ్యాన్ ఒకటి కొని, లోపల పడుకుని కూర్చోవడానికి వీలుగా నెమ్మదిగా మార్చుకుంటున్నాం. చెక్కపని అయిపోయింది, కరెంటు దగ్గర ఆగిపోయాను. బ్యాటరీ, ఇన్వర్టర్, సోలార్ కంట్రోలర్ విడివిడిగా కొని బిగించేంత అనుభవం నాకు లేదు. అన్నీ ఒకే డబ్బాలో వచ్చే పోర్టబుల్ పవర్ స్టేషన్ అయితే ప్లగ్ పెట్టి వాడుకోవచ్చు కదా అనిపిస్తోంది. 1000 వాట్-అవర్ల (అంటే 100 వాట్ల వస్తువుని పది గంటలు నడిపేంత) సైజువి చూస్తున్నాను.

మా వాడకం చెబుతాను. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, మా ఆవిడ లాప్‌టాప్ (రోజూ ఆరు గంటల పని), పైకప్పు ఫ్యాను, లైట్లు, ఫోన్లు. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. నాన్నగారు మాతో వస్తారు. ఆయన రాత్రంతా సీప్యాప్ మెషిన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కు ద్వారా గాలి పంపేది) పెట్టుకునే పడుకుంటారు. అది మధ్యలో ఆగకూడదు. నా టెన్షన్ అంతా దాని గురించే.

ఒక్కో చోట మూడు నాలుగు రోజులు ఆగుతాం. 1000 చాలా, 2000 తీసుకోవాలా?

నెమలికన్ను

బాటసారి గారూ, రెండేళ్లకు పైగా మేం వ్యాన్‌లోనే ఉంటున్నాం, పవర్ స్టేషన్ మీదే. వెయ్యా, రెండు వేలా అన్నది తర్వాత చూద్దాం. ఖాళీ అయినదాన్ని మళ్లీ ఎక్కడ నింపుతారో ముందు చెప్పండి. ఎంత పెద్ద తొట్టి కట్టుకున్నా, పంపు రాకపోతే రెండో రోజుకి అడుగు కనిపిస్తుంది. కొత్తవాళ్లందరూ తొట్టి సైజు దగ్గరే ఆగిపోతారు. మేమూ అక్కడే ఆగాం, అందుకే చెబుతున్నాను.

మీ లెక్క నేను వేస్తాను. ఫ్రిజ్ మీద 45 వాట్లు అని రాసి ఉంటే అది కంప్రెసర్ తిరిగేటప్పటి మాట. వాతావరణాన్ని బట్టి రోజులో మూడో వంతు నుంచి సగం సేపు తిరుగుతుంది. సుమారు 430 వాట్-అవర్లు అనుకోండి. లాప్‌టాప్ సగటున 40 వాట్లు లాగితే ఆరు గంటలకి 240. ఫ్యాను 20 వాట్ల మీద ఎనిమిది గంటలకి 160. లైట్లు, ఫోన్లు కలిపి 70. సీప్యాప్ నీళ్లు వేడిచేసే హ్యూమిడిఫయర్ లేకుండా నడిస్తే రాత్రికి 120 దాకా. మొత్తం వెయ్యి దాటుతోంది.

డబ్బా మీద 1000 అని ఉన్నా అదంతా మన చేతికి రాదు. ఏసీ ప్లగ్గుల నుంచి, అంటే ఇంట్లో ఉండేలాంటి మామూలు ప్లగ్గుల నుంచి వాడితే 850 వస్తే మంచిదే. మిగతాది, బ్యాటరీ డీసీ కరెంటుని ఏసీగా మార్చే ఇన్వర్టర్‌లోనే వేడిగా పోతుంది. అంటే ఆ సైజు డబ్బా మీకు ఒక్క రోజుకి కూడా పూర్తిగా రాదు. 2000ది తీసుకుంటే రోజున్నర పైన వస్తుంది. మూడో రోజు రెండిటి పరిస్థితీ ఒకటే, నింపే దారి లేకపోతే.

వైరింగ్_మావయ్య

బాబూ, నాది వేరే మాట. వ్యాన్ మీ సొంతం, ఏళ్ల తరబడి ఉంచుకుంటారు. అలాంటప్పుడు విడిభాగాలతో కట్టుకోవడమే మేలు. డబ్బాలో బ్యాటరీ, ఇన్వర్టర్, ఛార్జర్, కంట్రోలర్ అన్నీ ఒకే పెట్టెలో కూరి ఉంటాయి. ఒక చిన్న బోర్డు పోయినా మొత్తం పోయినట్టే. రిపేరుకి పంపితే వారాల తరబడి వ్యాన్‌లో చీకటే. విడిగా కట్టుకుంటే ఇన్వర్టర్ పోయిన రోజు కూడా లైట్లు వెలుగుతాయి, ఫ్రిజ్ తిరుగుతుంది.

నేను నలభై ఏళ్లుగా వైరింగ్ పని చేస్తున్నవాణ్ని. నాకది తేలిక కాబట్టి చెబుతున్నానని మీరు అనుకోవచ్చు. చేయడం చేతకానివాళ్లు తప్పుగా చేస్తే నిప్పు అంటుకుంటుందన్నదీ నిజమే. డబ్బానే కొంటానంటే ఆపను, దాని హద్దులు తెలిసి కొనండి.

తేలిక_ప్రయాణం

మావయ్య గారి మాట కాదనను కానీ, డబ్బాకి ఒక పెద్ద సుఖం ఉంది. ఎత్తి పట్టుకెళ్లొచ్చు. నేను అద్దె వ్యాన్‌లలో తిరుగుతాను, వాటికి మేకు కూడా కొట్టనివ్వరు. ప్రయాణం అయ్యాక ఇంటికి తెచ్చి, కరెంటు పోయినప్పుడు రౌటర్‌కీ ఫ్యానుకీ వాడతాను. వ్యాన్ అమ్మేసినా డబ్బా నాతోనే ఉంటుంది. విడిభాగాలు బిగించాక అలా కాదు.

కొనేటప్పుడు ఒక్కటి చూడండి. కొన్నిటి మీద సామర్థ్యం మిల్లీ ఆంప్-అవర్లలో లక్షల్లో వేస్తారు. అది లోపలి సెల్ వోల్టేజి దగ్గర లెక్క, పోల్చుకోవడానికి పనికిరాదు. వాట్-అవర్లే చూడండి.

బాటసారి

నెమలికన్ను గారూ, మీ లెక్క చూసి కళ్లు తెరుచుకున్నాయి. నింపడం గురించి నేను ఆలోచించనే లేదు. వ్యాన్ సిగరెట్ సాకెట్‌లో పెడితే దారిలో నిండిపోతుందనుకున్నాను.

నెమలికన్ను

నిండదండీ. ఆ సాకెట్‌కి సాధారణంగా 10 ఆంప్స్ ఫ్యూజు ఉంటుంది, డబ్బాలోకి వెళ్లేది 100 వాట్ల చిల్లర. రెండు గంటలు నడిపితే 200 వాట్-అవర్లు. వెయ్యి నింపాలంటే పది గంటలు స్టీరింగ్ పట్టుకోవాలి.

ఇంకో సంగతి, మాకు జరిగింది. మొదటి నెలలో ఫ్రిజ్‌ని ఏసీ ప్లగ్‌లోనే పెట్టాం, వైరు అలా దొరికింది కాబట్టి. డబ్బాలో ఎకో మోడ్ అని ఒకటి ఉంటుంది. కాసేపు లోడు ఏమీ లేకపోతే అవుట్‌పుట్ కట్టేస్తుంది. రాత్రి చల్లబడింది, కంప్రెసర్ చాలాసేపు తిరగలేదు. ఎవరూ వాడటం లేదనుకుని డబ్బా ఆగిపోయింది. పొద్దున్న ఐదున్నరకి ఫ్రిజ్ తెరిస్తే లోపలి దీపం వెలగలేదు. థర్మామీటర్ 19 చూపిస్తోంది. తలుపు లోపలి అరలో అత్తయ్య ఇన్సులిన్ పెన్నులు, వాటి మీద సన్నగా చెమట పట్టి ఉంది. చేతిలోకి తీసుకుంటే చల్లగా లేవు. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ఆ పెన్నులు గది ఉష్ణోగ్రతకి వచ్చేశాయి కాబట్టి నాలుగు వారాల్లోపు వాడేయమన్నారు. ఆవిడకి ఏమీ కాలేదు. కానీ ఆ అరగంట నేను పడిన కంగారు నాకే తెలుసు.

ఆ రోజు నుంచి ఫ్రిజ్ 12 వోల్టుల డీసీ సాకెట్ మీదే. ఎకో మోడ్ ఆపేశాం. డీసీ వైపు కూడా కొన్ని మోడళ్లలో ఇలాంటి టైమర్ ఉంటుంది, మెనూలో వెతికి తీసేయండి.

దీనివల్ల ఇంకో లాభం. ఏసీ బటన్ ఆన్‌లో ఉంటే, ఏమీ తగిలించకపోయినా ఇన్వర్టర్ తన ఖర్చు తాను పెట్టుకుంటుంది, మా దానికి సుమారు 15 వాట్లు. రోజంతా ఉంచితే 360 వాట్-అవర్లు, మీ ఫ్రిజ్ తినేదాంట్లో ముప్పాతిక భాగానికి మించి. లాప్‌టాప్‌ని యూఎస్‌బీ-సీ మీద, ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు డీసీ మీద పెడితే రోజులో ఎక్కువసేపు ఆ బటన్ ముట్టుకోనక్కర్లేదు.

సూర్యముఖి

సోలార్ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను.

100 వాట్ల ప్యానెల్‌ని పైకప్పు మీద పడుకోబెడితే మంచి ఎండలో కూడా 60, 75 వాట్ల మధ్యే వస్తుంది. 200 వాట్లు పెట్టుకుంటే ఎండాకాలంలో ఆకాశం తేటగా ఉన్న రోజున 600 నుంచి 800 వాట్-అవర్లు, ముసురు పట్టిన రోజున 150 వస్తే సంతోషించాలి. నీడ విషయం చెప్పక తప్పదు. మా పైకప్పు ఫ్యాను మూత తెరిచి ఉంటే దాని నీడ ఒక ప్యానెల్ మూల మీద అరచేయంత పడుతుంది. స్క్రీన్ మీద 140 ఉన్నది 60కి పడిపోవడం కళ్లారా చూశాను. మూత వేస్తే మళ్లీ 140. ఫ్యాను ఇంకా బిగించకపోతే స్థలం ఇప్పుడే ఆలోచించుకోండి.

ప్రతి డబ్బాకీ సోలార్ ఇన్‌పుట్ వోల్టేజికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. వాట్లు ఎక్కువైతే ఫర్వాలేదు, తనకి కావలసినంతే తీసుకుంటుంది. వోల్టులు దాటితే మాత్రం ఊరుకోదు. మామూలు 100 వాట్ల ప్యానెల్ లోడు లేకుండా 22 వోల్టులు ఇస్తుంది. సిరీస్‌లో కలిపితే వోల్టులు కూడుకుంటాయి, ప్యారలల్‌లో కలిపితే ఆంప్స్ కూడుకుంటాయి. నా మొదటి చిన్న డబ్బా పరిమితి 28 వోల్టులు. అది చదవకుండా రెండు ప్యానెళ్లు సిరీస్‌లో కలిపి పెట్టాను, 44 వోల్టులు. టక్‌మని చిన్న చప్పుడు వచ్చింది, అంతే. తర్వాత ఆ సోలార్ ఇన్‌పుట్ ఇక పనిచేయలేదు. ఇలాంటిదానికి వారంటీ కూడా వర్తించదు.

60 వోల్టుల పరిమితి ఉన్నవాటికి రెండు సిరీస్ హాయిగా సరిపోతాయి, మూడు పెడితే దాటిపోతుంది. చలి పెరిగేకొద్దీ ప్యానెల్ వోల్టేజి పెరుగుతుంది కూడా. 25 డిగ్రీల నుంచి కిందికి దిగే ప్రతి డిగ్రీకీ 0.3 శాతం దాకా. అంచున లెక్క వేసుకుంటే చలికాలం పొద్దున్నే దెబ్బతింటారు.

చలికొండ

చలి మాట వచ్చింది కాబట్టి. ఇప్పుడు వచ్చే డబ్బాల్లో చాలావాటిలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్సే ఉంటున్నాయి, ఎల్‌ఎఫ్‌పీ అంటారు. ఈ పదార్థం బ్యాటరీకి పనికొస్తుందని 1990లలో చూపింది జాన్ గుడినఫ్ బృందం. లిథియం అయాన్ బ్యాటరీలపై కృషికి ఆయనకి 2019లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. వ్యాన్‌లో పడుకునే మంచం కిందే బ్యాటరీ పెట్టుకునే మనలాంటి వాళ్లకి ఈ రకమే నయం. అంత తేలిగ్గా అంటుకోదు, 3000 సార్లు ఛార్జ్ చేసినా 80 శాతం సామర్థ్యం నిలుపుకుంటుందని తయారీదారులు చెబుతారు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం పాతవాటికి 500 నుంచి 1000 సార్లే. దాని బదులు ఇది బరువు. 1000 వాట్-అవర్లది 11, 12 కిలోలు ఉంటుంది.

ఎల్‌ఎఫ్‌పీకి ఒక పట్టుదల ఉంది. సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ తీసుకోదు. వాడుకోవచ్చు, నింపలేం. మంచు కురిసే చోట రాత్రి డబ్బాని వెనక డిక్కీలో వదిలేశాం. పొద్దున్నే ఎండ బ్రహ్మాండంగా ఉంది, సోలార్ మాత్రం సున్నా. లోపలికి తెచ్చి రగ్గు పక్కన రెండు గంటలు ఉంచాక తీసుకోవడం మొదలుపెట్టింది. లోపల హీటర్ ఉన్న మోడళ్లూ ఉన్నాయి.

ఎండలో దీనికి ఉల్టా సమస్య. అద్దాలు మూసిన వ్యాన్ లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే. సెల్స్ 45 దగ్గరికి వస్తే డబ్బా ఛార్జింగ్ ఆపేస్తుంది. సరిగ్గా మిట్టమధ్యాహ్నం, సోలార్ బాగా వచ్చే వేళకి! నీడ పడే వైపు, గాలి ఆడేచోట, ఫ్యాను రంధ్రాలకి జానెడు ఖాళీ వదిలి పెట్టండి. బట్టల బ్యాగులు ఆనించొద్దు.

బాటసారి

సూర్యముఖి గారూ, చలికొండ గారూ, చాలా థాంక్స్. ఫ్యాను ఇంకా బిగించలేదు, వెనక్కి జరుపుతాను.

ఇప్పటివరకు నాకు అర్థమైంది: 200 వాట్ల సోలార్, 1000 డబ్బా, ఫ్రిజ్ డీసీ మీద. ముసురు రోజుల్లో ఏం చేయాలన్నదే మిగిలింది. ఇంజిన్ నుంచి వేగంగా నింపుకునే దారి ఏదైనా ఉందా, మావయ్య గారూ?

వైరింగ్_మావయ్య

ఉంది బాబూ, ఆల్టర్నేటర్ ఛార్జర్. మనం డైనమో అనే దాని నుంచి, స్టార్టర్ బ్యాటరీ మీదుగా లావు వైరు వేసి, మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ పెట్టి డబ్బాలోకి పంపడం. 500 వాట్లవి దొరుకుతాయి. రెండు గంటలు బండి నడిపితే వెయ్యి. మీకు ఒక రోజు వాడకం మొత్తం. సోలార్ లేకపోయినా ఇది ఉంటే బతకొచ్చు.

ఇది ఒక్కటి మాత్రం మీరే బిగించాలనుకోవద్దు, తెలిసినవాళ్లతో చేయించండి. 500 వాట్లంటే 12 వోల్టుల వైపు 40 ఆంప్స్ పైమాట. ఆ కరెంటు సన్న వైరులో పోతే వైరే హీటరవుతుంది. ఫ్యూజు స్టార్టర్ బ్యాటరీ ప్లస్ దగ్గరే ఉండాలి, జానెడు లోపల. డబ్బా దగ్గర పెడితే దారి మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు కాపాడేవాడు ఉండడు. ఇంజిన్ ఆగితే ఛార్జర్ కూడా ఆగేలా ఉండాలి, లేకపోతే పొద్దున్నే బండి స్టార్ట్ కాదు. కొత్త బండ్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్లు వోల్టేజిని తగ్గిస్తూ పెంచుతూ ఉంటాయి. అందుకే నేరుగా తగిలించకుండా డీసీ-డీసీది మధ్యలో పెట్టమంటున్నాను. మీ ఆల్టర్నేటర్ ఎన్ని ఆంప్స్‌దో కూడా చూసుకోండి.

ఫ్రిజ్ వైరు గురించీ చెప్పాలి. 5 ఆంప్స్ లాగే ఫ్రిజ్‌కి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు నాలుగు మీటర్లు లాగితే, రానూపోనూ ఎనిమిది మీటర్లు, అర వోల్టు దారిలోనే పోతుంది. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. ఫ్రిజ్ బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోతుంది. జనం ఫ్రిజ్ చెడిపోయిందనుకుంటారు. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే ఆ గొడవ లేదు. సిగరెట్ ప్లగ్గు బండి కుదుపులకి వదులై వేడెక్కుతుంది. తీసి చూస్తే కొన దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంటుంది. డబ్బాకి లాక్ అయ్యే డీసీ సాకెట్ ఏదైనా ఉంటే అదే వాడండి.

ఇంకొకటి, ఇది ప్రాణం మీది సంగతి. డబ్బా ఏసీ అవుట్‌పుట్‌ని తీసుకెళ్లి వ్యాన్ గోడ ప్లగ్గుల వైరింగ్‌లో కలపొద్దు. చాలా డబ్బాల్లో న్యూట్రల్ ఎర్త్‌కి కలిపి ఉండదు. వ్యాన్‌లో షాక్ కొట్టకుండా పెట్టిన ఆర్‌సీడీ అలాంటి చోట పడిపోవాల్సినప్పుడు పడదు. బయటి కరెంటు కూడా అదే వైరింగ్‌లోకి వస్తుంటే రెండూ ఢీకొంటాయి. వస్తువుల్ని నేరుగా డబ్బాకే తగిలించండి.

తేలిక_ప్రయాణం

క్యాంప్‌సైట్‌లో బయటి కరెంటు దొరికినప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని చోట్ల ఒక్కో పాయింటుకి 6 ఆంప్స్ మాత్రమే ఇస్తారు, 230 వోల్టుల దగ్గర 1380 వాట్లు. కొత్త డబ్బాలు ఫాస్ట్ ఛార్జింగ్‌లో దానికంటే ఎక్కువ లాగగలవు. మొదటిసారి నేను వరస మొత్తానికి బ్రేకర్ పడేశాను, రాత్రి పదింటికి. యాప్‌లో 400 వాట్లకి తగ్గించుకుంటే చప్పుడూ ఉండదు, బ్యాటరీకీ మంచిది.

వంట సంగతి మీరు అడగలేదు. అయినా ఇండక్షన్ పొయ్యి ఆలోచన ఉంటే వదిలేయండి. 1500 వాట్ల మీద అరగంట నడిస్తే 750, ఇన్వర్టర్ నష్టంతో 850. మీ డబ్బా అక్కడితో సరి. లీటరు నీళ్లు మరిగించడానికి 110, 120 దాకా పోతుంది, అది రోజుకోసారి అయితే భరించొచ్చు. గ్యాస్ వాడితే కిటికీ తెరిచి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకుని వాడండి.

కునుకు

నేను పదేళ్లుగా సీప్యాప్ వాడుతున్నాను, వ్యాన్‌లో నాలుగేళ్లుగా. నాన్నగారి సంగతి నేను చెబుతాను.

ఆ మెషిన్‌కి కంపెనీ వాళ్లే ఇచ్చే డీసీ కన్వర్టర్ ఉంటుంది, మోడల్ చూసి అదే కొనండి. కొన్ని మెషిన్లు 24 వోల్టుల మీద నడుస్తాయి, మామూలు 12 వోల్టుల వైరు తగిలిస్తే పనిచేయవు. ఎక్కువ కరెంటు తినేది హ్యూమిడిఫయరూ వేడి గొట్టమూ. అవి ఆన్‌లో ఉంటే ఒక్క రాత్రికి 400 దాటొచ్చు, ఆపేస్తే 120 లోపే. ఆపొచ్చో లేదో ఆయన డాక్టరుని అడగండి, ఇంట్లో ఒక వారం అలవాటు చేయించండి. మొదటి రెండు రాత్రులు ముక్కు ఎండినట్టు ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఆయన మెషిన్‌ని ఫ్రిజ్‌తో పంచుకోనివ్వొద్దు. 300 వాట్-అవర్ల చిన్న డబ్బా ఒకటి ఆయనకే విడిగా ఉంచండి. పగలు పెద్దదాంట్లోంచి నింపి, సాయంత్రానికి 100 శాతం చేసి, మంచం పక్కన పెట్టండి. పెద్దది ఏ కారణంగా ఆగినా ఆయన నిద్ర ఆగదు. మావయ్య గారు మొదట్లో చెప్పిన భయం, ఒక బోర్డు పోతే అన్నీ పోతాయన్నది, నాకు ఇక్కడే పట్టుకుంది. 2000కి వెళ్లే డబ్బు ఇలా పెట్టండి.

వైరింగ్_మావయ్య

కునుకు గారి మాటకి నా ఓటు. ఇలా అయితే డబ్బాలకి నేనూ ఒప్పుకుంటాను.

బాటసారి

ఏడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. 1000 ఎల్‌ఎఫ్‌పీ డబ్బా, నాన్నగారికి 300ది, పైన 200 వాట్ల సోలార్, మెకానిక్ చేత 500 వాట్ల ఆల్టర్నేటర్ ఛార్జర్. నాలుగు రాత్రులు వెళ్లొచ్చాం.

మొదటి రెండు రోజులు ఎండ. పెద్ద డబ్బా సాయంత్రం ఆరింటికి 90 శాతం, పొద్దున్నే 50 చిల్లర. మూడో రోజు పొద్దున్నుంచి వాన, సోలార్ రోజు మొత్తానికి 130 వాట్-అవర్లు. నాలుగో రోజు పొద్దున్న లేచి చూస్తే 11 శాతం. మా ఆవిడకి తొమ్మిదింటికి ఆఫీసు కాల్ ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేసి గంటంపావు నడిపాం, 60 దాటింది. కాల్ అయిపోయాక ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

నాన్నగారు మొదటి రాత్రి రెండుసార్లు లేచి డబ్బా స్క్రీన్ చూసుకున్నారు. రెండో రాత్రి ఒకసారి. మూడో రాత్రి వానలో పెద్ద డబ్బా తగ్గిపోతున్నా ఆయన చిన్నది 100లో ఉంది. తెల్లవారేదాకా కదల్లేదు. పొద్దున్నే చూస్తే 64 ఉంది.

డబ్బాని మంచం కాలికి రెండు బెల్టులతో కట్టాను, గట్టి బ్రేకు కొట్టినా జరగలేదు. ఇంజిన్ వైపు వైరింగ్ ఫొటో పెడుతున్నాను, మావయ్య గారు ఒకసారి చూడరూ?

వైరింగ్_మావయ్య

చూశాను బాబూ. వైరు మందం బాగుంది, గొట్టంలో వేశారు, రబ్బరు బుష్ కూడా పెట్టారు. ఫ్యూజు మాత్రం బ్యాటరీకి మీటరు దూరంలో, గోడ అవతల ఉంది. ఆ మీటరు వైరుకి కాపలా లేదు. బ్యాటరీ ప్లస్ పక్కకి తెప్పించండి. అంతవరకు ఆ లైను బ్యాటరీ దగ్గర విప్పి, కొసకి టేపు చుట్టి ఉంచండి.

బాటసారి

ఇప్పుడే విప్పేశాను. రేపు పొద్దున్నే మెకానిక్ దగ్గరికి వెళ్తున్నాను, మార్చాక మళ్లీ ఫొటో పెడతాను.